మార్షల్ గారి రేకు బిళ్లకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ బిళ్ల గారికి,

ఉభయకుశలోపరి. మీ కుశలానికేం లోటు? హాలీవుడ్ వెస్టర్న్ సినిమాల్లో ఎన్ని తూటాలు పేలినా మీకు సొట్ట కూడా పడదు. నక్షత్రం ఆకారంలో ఉండే మిమ్మల్ని ఛాతీకి తగిలించుకున్న మనిషి, అంటే ఊరి శాంతిభద్రతలు చూసే మార్షల్ గురించే ఈ ఉత్తరం.

1952లో వచ్చిన 'హై నూన్' గుర్తుండే ఉంటుంది. హ్యాడ్లీవిల్ అనే చిన్న ఊరు. మార్షల్ విల్ కేన్, అంటే గ్యారీ కూపర్, అప్పుడే పెళ్లి చేసుకుని, ఉద్యోగానికి దణ్ణం పెట్టి, మిమ్మల్ని తీసి పక్కన పెట్టేశాడు. అంతలో కబురు: తాను జైలుకు పంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలై మధ్యాహ్నం రైలుకు దిగుతున్నాడు. కొత్త మార్షల్ వచ్చేది మర్నాడు. కేన్ బండి వెనక్కి తిప్పి మిమ్మల్ని మళ్లీ తగిలించుకున్నాడు. ఇక ఊరంతా ఒకటే ధీమా. బిళ్ల పెట్టుకున్నవాడు ఉన్నాడుగా, మనకెందుకు?

చర్చి సీను కోసమే ఆ సినిమా ఎన్నిసార్లయినా చూడొచ్చు. ప్రార్థన మధ్యలో కేన్ వచ్చి, మనుషులు కావాలంటాడు. కొందరు లేచారు కూడా. వెంటనే ఒకాయనకు సందేహం: ఇది మిల్లర్‌కీ ఇతనికీ మధ్య సొంత గొడవ కదా? ఇంకొకాయనకు లెక్క: మనం డబ్బు కట్టి మార్షల్‌ని పెట్టుకున్నది ఎందుకట? పిల్లల్ని బయటికి పంపేసి, తలా ఒక మాట మాట్లాడాక మేయర్ హెండర్సన్ గారు లేచారు. కేన్ లాంటి మార్షల్ మనకు ముందు దొరకలేదు, ముందు ముందు దొరకడన్నారు. శాలువా ఒక్కటే తక్కువ. ఆ తర్వాత అసలు సంగతి. ఉత్తరాది వాళ్లు మన ఊళ్లో దుకాణాలు, ఫ్యాక్టరీలు పెట్టే ఆలోచనలో ఉన్నారు. నడివీధిలో కాల్పులని పేపర్లో పడితే పెట్టుబడి రాదు. కాబట్టి నాయనా, నువ్వే వెళ్లిపో.

జడ్జి గారు అప్పటికే గోడ మీది జెండా, బల్ల మీది త్రాసు సర్దుకుని గుర్రమెక్కారు. స్నేహితుడు శామ్ ఫుల్లర్ లోపల నక్కి, పెళ్లాం చేత "ఆయన ఇంట్లో లేరండి" అనిపించాడు. (ఈ డైలాగు రాసినాయన కొన్నాళ్లు మా వీధిలో అద్దెకున్నాడేమోనని నా అనుమానం.) డిప్యూటీ హార్వీ పెల్‌కి మీ మీదే కన్ను. తర్వాతి మార్షల్‌గా తన పేరు చెబితేనే తోడొస్తానన్నాడు. ఏ బేరమూ లేకుండా వస్తానన్నది ఓ పిల్లాడు, ఓ ఒంటికన్ను తాగుబోతు. ఆఖరికి ముఠాలో ఒకణ్ణి కాల్చి మొగుణ్ణి కాపాడుకున్నది హింసంటే గిట్టని క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన పెళ్లికూతురు. ఆమెకు మీ అవసరమే రాలేదు చూడండి.

స్క్రీన్‌ప్లే రాసిన కార్ల్ ఫోర్‌మన్‌కి ఆ చర్చి జనాన్ని ఊహించుకునే పనే పడలేదు. సినిమా తయారవుతుండగానే, కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న అమెరికా కాంగ్రెస్ కమిటీ ఆయన్ని పిలిచింది. తోటివాళ్ల పేర్లు చెప్పనన్నాడు. హాలీవుడ్‌లో పని ఇవ్వకూడనివాళ్ల బ్లాక్‌లిస్టులో పడి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఇక వెస్టర్న్‌ల హీరో జాన్ వేన్ సంగతి. 1953లో కూపర్ తరఫున ఆస్కార్ అందుకుని, ఈ వేషం నాకెందుకు రాలేదని స్టేజీ మీద చమత్కరించిన పెద్దమనిషే, 1971లో ఇంత అమెరికా వ్యతిరేక సినిమా జన్మలో చూడలేదన్నాడు.

మార్షల్ అన్నవాడు ఊరంతా తిరిగి సాయం అడుక్కోవడమేమిటని దర్శకుడు హోవర్డ్ హాక్స్‌కీ మంట. జవాబుగా 1959లో వేన్‌తోనే 'రియో బ్రావో' తీశాడు. అందులో షెరీఫ్ (మార్షల్ లాంటి అధికారే) అయిన వేన్ సాయం వద్దంటాడు. వద్దన్నవాణ్ణి ఓ తాగుబోతు, ఓ కుంటి ముసలాయన, ఓ కుర్రాడు, హోటల్ యజమాని, పేకాటాడే ఓ అమ్మాయి కలిసి గట్టెక్కిస్తారు. పేరు మాత్రం వేన్‌కి. మీ దయ.

నిజమైన అమెరికా పడమటి ఊళ్లలో మీ హోదా ఇంత లేదు లెండి. డాడ్జ్ సిటీలో తుపాకులతో తిరక్కూడదని రూలు పెట్టింది ఊరి కౌన్సిల్. టూంబ్‌స్టోన్‌లోనూ అలాంటి రూలే. 1881లో అక్కడి పేరుమోసిన ఓకే కొర్రాల్ కాల్పులు ఆయుధాలు లాక్కోబోయిన గొడవలోనే పేలాయి. రూలు కౌన్సిల్‌ది, అమలు మీది. వరసకు మీరు మా బిళ్ల బంట్రోతుకు అన్నగారు. కెమెరా పెట్టేసరికి కౌన్సిల్ ఎటు పోయిందో, మీరొక్కరే మిగిలారు.

మా దాకా మీరు సరిగ్గా చేరలేదు. అదే 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'తో కృష్ణ గుర్రమెక్కినప్పుడు టోపీ వచ్చింది, తుపాకీ వచ్చింది. స్టార్‌ని మాత్రం మేం చొక్కాకి పెట్టుకోం, పేరుకు ముందు పెట్టుకుంటాం.

మీకు అసలైన డ్యూటీ పడింది 1989 జూన్ 4న, పోలండ్ ఎన్నికల్లో. కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ఎదిరించిన కార్మిక సంఘం సాలిడారిటీ వాళ్ల పోస్టర్ మీద కూపర్, చేతిలో తుపాకీ బదులు బ్యాలెట్ కాగితం. మీకు కాస్త పైన సాలిడారిటీ బ్యాడ్జి. రెండో విడత కూడా అయ్యేసరికి దిగువ సభలో పోటీకి వదిలిన 161 సీట్లూ, సెనేట్‌లో 100కి 99 వాళ్లే గెలిచారు. హ్యాడ్లీవిల్‌లో కదలని జనం అక్కడ లైన్లో నిలబడి ఓటేశారు. మీకంటే పైన ఇంకో బ్యాడ్జి ఉన్నందుకు మీరేమీ నొచ్చుకోలేదనుకుంటాను.

కేన్ మిమ్మల్ని నేలకేసి కొట్టి, ఒక్క మాట మాట్లాడకుండా భార్యతో బండెక్కి పోయాడు కదా. ఈ విషయం హార్వీకి మాత్రం చెప్పకండి. తెలిస్తే ఈపాటికి దుమ్ము దులిపి తగిలించుకునే ఉంటాడు. హెండర్సన్ గారు ఆ సభకూ అధ్యక్షత వహిస్తారు.

ఇట్లు,
చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుని, అందరి మాటలకూ తలూపినవాడు