వెద వరిలో వేళ్లు ఎవరు చూస్తున్నారు?

నారు పోసి నాటకుండా విత్తనం నేరుగా పొలంలో వేసే వెద పద్ధతి మీద ప్రభుత్వాలకు మోజు పెరిగింది. పంజాబ్ 2022లో నేరుగా విత్తిన వరికి ఎకరాకు 1,500 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. మన దగ్గరా కూలీలు దొరక్క, కాలువ నీళ్లు ఆలస్యమై చాలామంది దమ్ము (నీళ్లు పెట్టి బురదగా దున్నడం), నాట్లు మానేసి వెదకు మళ్లుతున్నారు. నీళ్లు, కూలి ఖర్చు మిగిలే మాట నిజమే. కానీ ఈ లెక్కల్లో వేరు బుడిపె నులిపురుగు (మెలాయిడోగైనీ గ్రామినికోలా) ఊసే ఉండదు.

కంటికి కనబడని ఈ పురుగు పిల్ల దశలో లేత వేరు కొనలోకి దూరుతుంది. ఆ కొన ఉబ్బి కొక్కెంలా వంకర తిరుగుతుంది. వేడి వాతావరణంలో మూడు, నాలుగు వారాలకో తరం. ఆడపురుగు గుడ్లు పెట్టేది కూడా వేరులోపలే. కాబట్టి ఒకసారి దూరాక నీళ్లు నిలిపినా చావదు. అయితే నీళ్లు నిలిచిన మట్టిలో కొత్తగా వేళ్లలోకి దూరలేదు. కలుపు కోసమని చేసుకుంటూ వచ్చిన దమ్ము దీన్నీ అణచి ఉంచిందన్నమాట. పొడి దుక్కిలో విత్తితే, సరిగ్గా మొలక వేళ్లు లేతగా ఉన్నప్పుడే ఆ రక్షణ పోతుంది. పైగా వెదలో పెద్ద తలనొప్పి ఊద అనే కలుపు గడ్డి, అదీ ఈ పురుగుకు ఆశ్రయమే. 1965లో అమెరికాలోని లూసియానాలో ఈ పురుగును తొలిసారి వర్ణించింది ఊద జాతి గడ్డి వేళ్ల నుంచే!

2016లో ఇటలీలో ఇది బయటపడితే, సోకిన మడులను నీటితో ముంచి ఉంచడం అక్కడ తీసుకున్న చర్యల్లో ఒకటి. మనం అదే నీటిని తగ్గించుకుంటున్నాం. అలాగని పాత పద్ధతే మేలని నేను అనను. నీళ్ల మడిలోనే హాయిగా బతికే హిర్ష్‌మానియెల్లా లాంటి నులిపురుగులూ ఉన్నాయి.

నా అభ్యంతరం నిర్ధారణ గురించి. ఈ పురుగు సోకి మడిలో అక్కడక్కడ పైరు పసుపెక్కి గిడసబారితే జింక్ లోపమంటారు, లేదంటే ఇంకో బస్తా యూరియా వేయమంటారు. వేళ్లు ఎవరూ చూడరు. 2001లో పక్కనే కర్ణాటకలోని మండ్య జిల్లాలో ఇది తీవ్రంగా వచ్చిన సంగతి తెలిసీ మన వెద ప్రచారంలో దీనికి చోటు లేకపోవడం నిర్లక్ష్యమే.

విత్తిన మూడు వారాలకు వేళ్ల పరీక్షను ప్రోత్సాహక పథకాల్లోనే చేర్చాలి. ల్యాబ్ అక్కర్లేదు. మొక్కను పీకితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. పారతో మట్టి పెళ్లతో సహా తీసి, బకెట్ నీళ్లలో మెల్లగా కడిగితే చాలు. కొక్కేలు కనబడిన పొలంలో వచ్చే సీజన్‌కు వెద ఆపి దమ్ము చేయమనో, మధ్యలో నువ్వులు, ఆవాలు వేయమనో ఏఈఓలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) చెప్పగలగాలి.