కంటి చుట్టూ తామర: గీకి చూడకుండా ట్యూబు రాయొద్దు

కంటి కింద ఎర్రబడి దురద మొదలైతే చాలామంది మొదట వెళ్లేది మందుల షాపుకే. అక్కడ చేతికొచ్చే ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో తరచూ నాలుగు పేర్లుంటాయి: క్లోబెటసాల్ 0.05 శాతం, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్. తామర ఫంగస్ వల్ల వచ్చేది. వీటిలో ఫంగస్ మీద పనిచేసేది చివరిదొక్కటే. రెండోది, మూడోది వేరే సూక్ష్మజీవుల మందులు, తామరకు దండగ. మొదటిది చర్మానికి వాడే స్టెరాయిడ్లలో అత్యంత బలమైన తరగతిది. అసలు చిక్కంతా దానితోనే.

స్టెరాయిడ్ ఒంటి రక్షణ స్పందనను అణచేస్తుంది. అందుకే రెండు మూడు రోజుల్లోనే దురద తగ్గి, ఎరుపు మాయమై, మందు పనిచేసిందనిపిస్తుంది. అడ్డులేని ఫంగస్ మాత్రం పక్కకు పాకుతూనే ఉంటుంది. పొట్టు రాలదు, గుండ్రటి అంచు చెరిగిపోతుంది. చర్మ వైద్యులు దీన్ని ‘టీనియా ఇన్‌కాగ్నిటో’ అంటారు. ఆ దశలో వెళ్తే అనుభవమున్న డాక్టరు కూడా అలర్జీ అనుకునే అవకాశముంది.

మొహం మీద తామర నడుము మీద వచ్చినంత స్పష్టంగా ఉండదు. పూర్తి వలయం కనిపించకపోవచ్చు. పగటి వెలుతురులో పక్క నుంచి చూడాలి: పైరెప్ప నుంచి కణత వైపో, కింది రెప్ప నుంచి చెంప మీదికో వంపు తిరిగిన అంచు, దాని మీద చిన్న చిన్న పొక్కులు, సన్నటి పొట్టు. సాధారణంగా ఒక కంటి వైపే ఎక్కువ. ఎండలోకి వెళ్తే మంట, ఎరుపు పెరగొచ్చు. అనుమానమొస్తే గజ్జలు, నడుము, గోళ్లు కూడా చూడాలి, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందేమో అడగాలి. చిన్నపిల్లలైతే ఇంట్లో పిల్లి కూనకు వెంట్రుకలు ఊడిన మచ్చలున్నాయేమో గమనించాలి.

రెండు కళ్ల రెప్పలూ ఒకేసారి ఉబ్బి ఎర్రబడితే హెయిర్ డై, నెయిల్ పాలిష్, కొత్త కంటి చుక్కల అలర్జీని ముందు అనుమానించాలి. కనుబొమ్మల్లో, ముక్కు పక్క మడతల్లో జిడ్డు పొట్టు ఉంటే అది తలలో చుండ్రుకు చుట్టమే. నొప్పితో నీటి పొక్కులు నుదుటి మీద ఒకవైపే వస్తే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి, అది సర్పి కావచ్చు.

కంటితో తేలనిది గీకితే తేలుతుంది. అంచు మీది పొట్టును మొద్దు బ్లేడుతో గీకి, గాజు పలక మీద 10 నుంచి 20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, కొమ్మలేసిన ఫంగస్ దారాలు కనిపిస్తాయి. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు, పది పదిహేను నిమిషాల పని. మచ్చ మధ్యలో గీకినా, ఫంగస్ క్రీము రాస్తూ రాస్తూ వెళ్లినా ఫలితం తప్పుగా ‘లేదు’ అని రావచ్చు. ఇంత చవకైన పరీక్షను రాసేవాళ్లు తక్కువ కావడమే ఈ వ్యవహారంలో అన్నింటికన్నా చిరాకు పుట్టించే సంగతి.

తేలాక, కొద్దిచోటే ఉంటే డాక్టరు రాసిన క్లోట్రిమజోల్ 1 శాతం లాంటి స్టెరాయిడ్ లేని క్రీము చాలవచ్చు. ఆల్కహాల్ ఉండే జెల్, లోషన్ మంట పుట్టిస్తాయి. రోజుకు రెండుసార్లు, అంచు దాటి ఒకటి రెండు సెంటీమీటర్ల వరకు పలచగా రాయాలి. కనురెప్పల వెంట్రుకల వరస దగ్గరకు మాత్రం పోకూడదు. కంట్లో పడితే మంచినీళ్లతో కడగాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపొద్దు. సాలిసిలిక్ ఆమ్లమున్న తామర మందులు, నిమ్మరసం, వెల్లుల్లి కంటి దగ్గర వద్దే వద్దు.

కనుబొమ్మల్లోకి, రెప్ప వెంట్రుకల్లోకి దిగినా, స్టెరాయిడ్ వాడి ఉన్నా పూతతో లొంగదు, మాత్రలు కావాలి. దేశంలో ఇప్పుడు విస్తరించిన ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అనే తామర ఫంగస్ రకంలో టెర్బినాఫిన్‌కు లొంగనివి చాలా ఉన్నాయి. అందుకే ఇట్రాకొనజోల్ ఎక్కువగా రాస్తున్నారు. ఆ క్యాప్సూల్ కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి. ఎసిడిటీ మాత్రలతో కలిస్తే సరిగ్గా ఒంటబట్టదు. గుండె బలహీనత ఉన్నవారు, కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవారు ముందే చెప్పాలి.

స్టెరాయిడ్ ట్యూబు ఆపిన కొద్దిరోజులకే ఎరుపు, మంట ముందుకన్నా ఎక్కువగా తిరగబెట్టొచ్చు. మళ్లీ అదే ట్యూబు కొనేది ఇక్కడే. ఇది స్టెరాయిడ్ మానిన ప్రభావం. చల్లటి తడిగుడ్డ, డాక్టరు ఇచ్చే దురద మాత్రతో ఓర్చుకోవాలి. ఒంట్లో అన్నిటికన్నా పలచనిది రెప్ప చర్మం, మందును ఇట్టే పీలుస్తుంది. నెలల తరబడి రాసినవారిలో కంటి పీడనం నొప్పి లేకుండానే పెరిగి గ్లకోమాకు, శుక్లాలకు దారితీయవచ్చు. గ్లకోమాతో పోయిన చూపు తిరిగి రాదు. కాబట్టి వారాల కొద్దీ వాడినవాళ్లు చర్మ వైద్యుడితో పాటు కంటి డాక్టరు దగ్గర పీడనం కూడా కొలిపించుకోవాలి.

2021లో తెలుగు రాష్ట్రాలను భయపెట్టిన బ్లాక్ ఫంగస్ వేరు. అది చర్మం మీద పాకదు, సైనస్ నుంచి కంటి గూటిలోకి చొచ్చుకెళ్తుంది. షుగర్ అదుపులో లేనివారికి కన్ను ఉబ్బి, నొప్పి పుట్టి, చూపు రెండుగా కనిపిస్తే క్రీముల గురించి ఆలోచించే వ్యవధి ఉండదు, పెద్దాసుపత్రికే వెళ్లాలి.

కేంద్రం 2018లో 14 రకాల పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ నిబంధన కౌంటర్ దగ్గర కనిపించడం అరుదు. షాపుల తనిఖీలు ఒక పక్క, అసలు ఇలాంటి నాలుగు మందుల కలగూరగంపకు అనుమతి ఎందుకన్నది ఇంకో పక్క. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది షాపువాడు కాదు, లైసెన్సులిచ్చేవాళ్లు.