ఆదివారం రాని కడుపునొప్పి

వైద్యులు పరీక్షల మీద పరీక్షలు రాసినా తేల్చలేని జబ్బును ఇంట్లోని పెద్దలు ఒక్క ప్రశ్నతో తేల్చేస్తున్నారు గనుక, ఆ ప్రశ్నకు దక్కవలసిన గౌరవం దక్కాలి. పరీక్ష రోజు పొద్దున్నే కడుపు పట్టుకుని ముడుచుకున్న పదిహేనేళ్ల పిల్లవాడి చుట్టూ చేరి, "మరి ఆదివారం ఎందుకు రాదురా నీ నొప్పి?" అని అడుగుతారు. వాడు నీళ్లు నములుతాడు. నేరం రుజువైపోతుంది.

ఈ న్యాయస్థానంలో ఎవరెవరు కొలువుదీరారో చూడాలి. ఫిర్యాదీ తండ్రి, పై అధికారి పిలిచిన రోజున ఆయనకు గుండెల్లో మంట పుడుతుంది, అది మాత్రం అసలు సిసలు ఎసిడిటీ. సాక్షి మేనత్త, కొడుకు ఫోను ఎత్తకపోతే ఆమెకు బీపీ పెరుగుతుంది, ఆ బీపీని శంకించే ధైర్యం ఎవరికీ లేదు. న్యాయమూర్తి తాతయ్య; "ఈ వయసులో నీకేం టెన్షన్?" అని తీర్పు చదివి, మార్కులు తగ్గితే బతుకు ఏమైపోతుందో అరగంటసేపు వివరించి, మనవడు ముద్ద ఎందుకు మింగలేకపోతున్నాడా అని ఆశ్చర్యపోతారు. స్కానింగులో ఏమీ లేదని తేలిందా, ఇక యంత్రానికి చిక్కని నొప్పి నటనే.

ఆందోళన కలగగానే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పిట్యూటరీ గ్రంథి ద్వారానూ, నరాల ద్వారానూ అడ్రినల్ గ్రంథులను లేపుతుందని, కార్టిసాల్, అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు రక్తంలోకి చేరి గుండె దడ పెరుగుతుందని, పేగుల కదలిక గతి తప్పుతుందని, మెడ కండరాలు బిగిసి తల పగిలిపోతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఓటుహక్కు వచ్చాకే ఇవి మొదలవుతాయని మాత్రం ఎక్కడా రాయలేదు. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకలను చలికీ గాయాలకూ అతిశ్రమకూ గురిచేసి, వాటి జీర్ణాశయంలో పుండ్లు చూపించాడు. ఎలుకల అదృష్టం, వాటిని ఆదివారం సంగతి ఎవరూ అడగలేదు.

ఇక నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. యుక్తవయసులో నిద్ర ఎలాగూ ఆలస్యంగా వస్తుంది, దిగులు మిగతాది మింగేస్తుంది. ఉదయం లేవలేనివాడికి సోమరి అని బిరుదు.

అయ్యా, ఆదివారం రాదు కాబట్టే అది ఆందోళన తెచ్చిన నొప్పి! మీరు అబద్ధానికి రుజువుగా చూపుతున్నదే జబ్బుకు ఆనవాలు. వాడి పేగులు నిజంగానే మెలిపడుతున్నాయి, మీరేమో వాడి నోరు నొక్కుతున్నారు. దొంగ అనిపించుకున్నవాడు రేపు అపెండిక్స్ వాచినా పళ్లబిగువున భరిస్తాడు తప్ప మీతో చెప్పడు, ఆసుపత్రి వరండాలో "ముందే ఎందుకు చెప్పలేదురా?" అని గద్దించడానికి మాత్రం మీరంతా హాజరవుతారు.