ఏ స్కేలుతో కొలిచిన తీరం?

పోటీ పరీక్షలకు చదివిన ప్రతి ఒక్కరికీ గుర్తుండే అంకె ఇది: ఆంధ్రప్రదేశ్ తీరరేఖ 974 కిలోమీటర్లు, గుజరాత్ తర్వాత రాష్ట్రాల్లో రెండో స్థానం. కేంద్ర హోంశాఖ 2023-24 వార్షిక నివేదికలో అది 1,053.07 కిలోమీటర్లయింది. స్థానం మాత్రం మూడుకు దిగింది; 1,068.69 కిలోమీటర్లతో తమిళనాడు ముందుకు వెళ్లింది. దేశ తీరం మొత్తంగా 7,516.6 నుంచి 11,098.81 కిలోమీటర్లకు పెరిగింది.

నేల పెరగలేదు, కొలత మారింది. పాత అంకెను 1970లలో 1:45,00,000 స్కేలు పటం మీద తీశారు; అందులో ఒక సెంటీమీటరంటే నేల మీద 45 కిలోమీటర్లు. కొత్తది 1:2,50,000 స్కేలుతో వచ్చింది; ఇందులో సెంటీమీటరంటే రెండున్నర కిలోమీటర్లే. అంటే 18 రెట్లు సూక్ష్మంగా చూశారన్నమాట.

పటం మీద డివైడర్ పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. కాళ్లను 50 కిలోమీటర్లకు సరిపడా తెరిచి ఒకటి ఉప్పాడ దగ్గర ఆనించండి. రెండోది గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే చోటికి పోయి పడుతుంది. హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె, దాని చాటున ఉన్న కాకినాడ అఖాతం, కోరింగ మడ అడవుల వంపులు అన్నీ ఆ ఒక్క అంగలో మాయం. కాళ్లను రెండు కిలోమీటర్లకు దగ్గర చేస్తే అదే డివైడర్ తిన్నె కొసను చుట్టి, అఖాతం అంచు వెంట నడిచి, పాయపాయనూ పలకరించి వస్తుంది. అంగ తగ్గేకొద్దీ తీరం పొడవవుతూనే ఉంటుంది.

యుద్ధాలకూ సరిహద్దుల పొడవుకూ సంబంధం వెతికిన బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్‌కు ఈ చిక్కే ఎదురైంది. స్పెయిన్, పోర్చుగల్ మధ్య ఉన్న ఒకే సరిహద్దుకు 987, 1,214 కిలోమీటర్లని రెండు లెక్కలు కనిపించాయి. అంగ తగ్గేకొద్దీ పొడవు ఒక క్రమంలో పెరుగుతుందని ఆయన గమనించారు. ఆయన మరణించాక, 1961లో అది అచ్చయింది. ఆ పెరుగుదల వేగాన్ని గణితవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్ 1967లో ‘మితి’ (డైమెన్షన్)గా చదివారు. నున్నటి గీతకు మితి 1; వంకర ఎక్కువైనకొద్దీ 2 వైపు జరుగుతుంది. దక్షిణాఫ్రికా తీరానికి 1.02, బ్రిటన్ పశ్చిమ తీరానికి 1.25 వచ్చాయి.

మన అంకెలతో నేనూ లెక్క వేశాను. పొడవు ఎన్ని రెట్లయిందో దాని లాగరిథమ్‌ను 18 లాగరిథమ్‌తో భాగించి, ఒకటి కలపాలి. ఆంధ్రప్రదేశ్‌కు 1.03 వచ్చింది. 1,214.7 నుంచి 2,340.62 కిలోమీటర్లకు ఎగబాకిన గుజరాత్‌కు 1.23. మన తీరం దక్షిణాఫ్రికాకు దగ్గర, గుజరాత్‌ది బ్రిటన్‌కు దగ్గర. రెండు స్కేళ్లతో తేల్చిన ఈ లెక్క స్థూలమైనదే. అయినా ‘రెండో స్థానమా, మూడో స్థానమా’ అనే పోలిక కంటే తీరం స్వభావాన్ని ఇదే ఎక్కువ చెబుతోందని నా నమ్మకం.

ఒక చోట మాత్రం లెక్క ఎదురు తిరుగుతుంది. పుదుచ్చేరి తీరం 47.6 నుంచి 42.65 కిలోమీటర్లకు తగ్గింది. అదే తీరాన్ని సూక్ష్మంగా కొలిస్తే పొడవు తగ్గకూడదు; గీతకు ఒకటి కంటే తక్కువ మితి ఉండదు. కాబట్టి అక్కడ స్కేలుతో పాటు ఇంకేదో కూడా మారింది: తీరమైనా మారి ఉండాలి, ఏది తీరం అన్న నిర్వచనమైనా మారి ఉండాలి.

కంప్యూటర్‌లో చేసేవారికి ఇంకో జాగ్రత్త కావాలి. డిజిటల్ పటంలో తీరమంటే వరుసగా పేర్చిన బిందువులు. ఆ బిందువుల మధ్య దూరం కంటే చిన్న అంగ వేస్తే పొడవు ఇక పెరగదు, మితి ఒకటికి పడిపోతుంది. అది సముద్రతీరం గుణం కాదు, పటం గీసినవారు ఆగిన చోటు.

అందుకే తీరం పొడవు ప్రకటించిన ప్రతిసారీ పక్కనే స్కేలు అచ్చు వేయాలి. ఏ పాయ దగ్గర నదిని వదిలి సముద్రాన్ని పట్టుకున్నారో చెప్పాలి. పది, యాభై, వంద కిలోమీటర్ల అంగలతో ఎంతెంత వచ్చిందో పట్టికగా ఇవ్వాలి. పాఠ్యపుస్తకాల్లో 974 స్థానంలో 1,053 చేర్చేటప్పుడే ఆ పట్టికనూ చేరిస్తే, పిల్లలు డివైడర్ తీసి స్వయంగా కొలిచి చూసుకుంటారు.