యూరప్ ఓక్ మీద పుంగనూరు ఆవు

ఈ మధ్య హైదరాబాద్ కోకాపేటలోని ఒక 27వ అంతస్తు ఫ్లాటు నుంచి వాట్సాప్‌లో ఒక గృహప్రవేశ ఆహ్వానం వచ్చింది. ముహూర్తం, విందు వేళ, దారి చూపే మ్యాపు అన్నీ సలక్షణంగా ఉన్న ఆ పత్రికకు ‘నేల విషయమై మనవి’ అనే శీర్షికతో రెండో పేజీ ఒకటి జతచేశారు. ఇల్లంతా ఇంజినీర్డ్ యూరోపియన్ ఓక్ చెక్క పలకలు పరిచినందువల్ల అతిథులు తడికాళ్ళతో లోపలికి రాకూడదనీ, కాళ్ళకు పసుపు రాసుకున్న ముత్తయిదువలు గుమ్మం దగ్గర ఇచ్చే గుడ్డ సాక్సులు తొడుక్కోవాలనీ, చేతికర్ర వాడే పెద్దలు కర్ర కొసకు రబ్బరు తొడుగు బిగించుకొని రావాలనీ అందులో సవినయంగా రాశారు. మనుషులు నడవడానికే నేల ఉన్నదని తరతరాలుగా అపోహపడిన జాతి మనది. ఆ అజ్ఞానాన్ని తొలగించే బాధ్యతను ఇప్పుడు 27వ అంతస్తువారు స్వీకరించారు.

తెలుసుకోకుండా నిందించడం భావ్యం కాదు కనుక, ఈ పదార్థం ఏమిటో ముందు శ్రద్ధగా చూద్దాం. ఫ్రాన్స్, జర్మనీ, పోలండ్, క్రొయేషియా అడవులలో ఎన్నో దశాబ్దాలపాటు నిలకడగా పెరిగిన ఓక్ మానును కోసి, 3 లేక 4 మిల్లీమీటర్ల పలుచని పొరలుగా తీసి, ఉప్మా మీద జీడిపప్పు చల్లినట్టు ప్లైవుడ్ మీద అంటిస్తారు. మొత్తం మందం సాధారణంగా 14, 15 మిల్లీమీటర్లు. డబ్బున్నవారికి 20 మిల్లీమీటర్ల పలక, అందులో పై 6 మిల్లీమీటర్లు ఓక్. న్యాయంగా చెప్పాలంటే ఈ పద్ధతిలో తెలివి ఉన్నది: ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉండటం వల్ల పలక ఒకే ముక్కగా కోసిన చెక్క అంతగా వంగదు, ఉబ్బదు. కాకపోతే ఫ్రాన్స్‌లో కొట్టిన దుంగలలో కొన్ని ఓడలెక్కి చైనా చేరుతాయనీ, అక్కడి కర్మాగారాలలో పొరలుగా మారి, యూరప్ పేరుతోనే మళ్ళీ ప్రపంచం మీదికి బయలుదేరుతాయనీ షోరూంలో ఎవరూ చెప్పరు. చెట్టు యూరప్‌ది, జిగురు చైనాది, బిల్లు మాత్రం అచ్చంగా కోకాపేటది.

ఇక ఎంపిక. ప్రైమ్, సెలెక్ట్, నేచురల్, రస్టిక్ అని దీనికి శ్రేణులున్నాయి. ముడి గాని, పగులు గాని దాదాపుగా లేని శుభ్రమైన చెక్క ప్రైమ్. ముడులు, పగుళ్ళు, వాటిలో నింపిన నల్లటి లప్పం ఉన్నది రస్టిక్. మన ఊరి వడ్రంగి చూసిన మరుక్షణం పొయ్యిలోకి పంపే ముక్కను ఇక్కడ వ్యక్తిత్వమున్న చెక్క అంటారు. కొన్నిటిని అమ్మోనియా పొగలో పెట్టి నలుపెక్కిస్తారు. కొన్నిటిని ఇనుప బ్రష్షులతో గీకి గరుకు చేస్తారు. మరికొన్నిటి అంచులను అరగదీసి, పురుగు తొలిచినట్టు రంధ్రాలు కూడా వేసి, వందేళ్ళ కిందట ఏదో కోటలో పరిచినవాటిలా తయారుచేస్తారు. ఊళ్ళో తాతగారి మండువా ఇంటి దూలాలు నిజంగానే వందేళ్ళు అరిగినవే. వాటిని పాతచెక్క దుకాణానికి తూకానికి అమ్మి, ఆ డబ్బు చాలక బ్యాంకు అప్పు కూడా తెచ్చి, యంత్రం అరగదీసిన కొత్త చెక్కను కొనడాన్ని అభిరుచి అంటారు.

ఓక్ ఆరోగ్యానికి గదిలో గాలి తేమ సుమారు 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ గాలిలో అంత తేమ ఉండదు. ఆగస్టు ముసురులో 80 దాటుతుంది. అంటే వేసవిలో పలకల మధ్య సందులు విచ్చుతాయి, వానల్లో అంచులు లేస్తాయి. అందుకని మే నెలలో గాలికి తేమ పట్టించే యంత్రం ఒకటి, ఆగస్టులో ఆ తేమను పీల్చే యంత్రం మరొకటి, రెండూ నేల సౌఖ్యం కోసమే తిరుగుతుంటాయి. కరెంటు బిల్లు పెరుగుతోందని నాయనమ్మ గదిలో ఏసీ కట్టేసిన ఇళ్ళలో కూడా ఇవి ఆగవు. చలిదేశాలవారు కాలికి చల్లగా తగలకూడదని చెక్క పరుచుకున్నారు. మనమేమో చల్లగా తగలడం కోసమే తాండూరు బండ, షాబాదు బండ, బేతంచెర్ల బండ పరుచుకొని, ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా వాటి మీద వెల్లకిలా పడుకున్నాం. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్విన గెలాక్సీ గ్రానైటు ఓడలెక్కి వెళ్ళి పరదేశాల వంటగట్ల మీద మెరుస్తున్నది. దానికి బదులుగా మనకు దక్కినది తడి తగలనివ్వకూడని నేల.

ఇప్పుడు ఆ గృహప్రవేశాన్ని ఒకసారి ఊహించుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. ముందుగా గోవు ప్రవేశించాలి. 27వ అంతస్తుకు మామూలు ఆవు ఎక్కదు కనుక, మూడడుగులకు మించని పుంగనూరు ఆవును అద్దెకు తెప్పించి, సర్వీసు లిఫ్టులో పైకి తెచ్చారు. గుమ్మం దగ్గర ఆవు ఆగింది. ఆవును ఆపినది ఫ్లోరింగు కంపెనీ సూపర్‌వైజరు. గిట్టల ఒత్తిడికి సంబంధించిన నష్టం వారంటీలోకి రాదని ఆయన కాగితం తీసి చదివాడు. చర్చోపచర్చల తరువాత ఆవు నాలుగు కాళ్ళకూ అతిథుల కోసం ఉంచిన సాక్సులే తొడిగారు. పురోహితుడు పుణ్యాహవాచనం నీళ్ళు ఇల్లంతా చల్లబోతుంటే గృహస్థు చేతులు జోడించి, ‘పంతులుగారూ, నీళ్ళు చల్లినట్టు భావన చేసుకుంటే సరిపోదా?’ అని అడిగాడు. ‘భావన చేసుకోవచ్చు నాయనా, ఆ సంగతి ఆవుకు కూడా ఒక మాట చెప్పిరా’ అన్నారు పంతులుగారు. చెప్పేలోగా ఆవు తన ధర్మం తాను నిర్వర్తించింది. గోమూత్రం పడిన ఇల్లు పావనమైందని అత్తగారు కళ్ళకద్దుకుంటున్నారు. కోడలు మైక్రోఫైబరు గుడ్డ కోసం పరుగెత్తుతున్నది. సూపర్‌వైజరు ఫొటోలు తీస్తున్నాడు. మంగళవాద్యాలు మోగుతూనే ఉన్నాయి.

తరువాత పాలు పొంగించాలి. పాలు పొంగి తూర్పుకు పొర్లితే శుభం. తూర్పు దిక్కున ఓపెన్ కిచెను, అక్కడా ఓక్ చెక్కే పరిచారు కనుక, శుభం ఎంతవరకు పొర్లవచ్చో ముందే నిర్ణయించి, గిన్నె చుట్టూ తువ్వాళ్ళు పేర్చారు. హోమం మాత్రం బాల్కనీలో జరిపించారు. గుమ్మడికాయను ఎక్కడ పగలగొట్టాలన్నది సొసైటీ కమిటీకి నివేదించారు. ఆ దస్త్రం ఇంకా పరిశీలనలో ఉన్నది. గడపకు పసుపు రాయడానికి వచ్చిన మేనత్తను, నూనె పాలిషు పట్టిన చెక్క పసుపును పీల్చుకుంటే ఇక వదలదన్న కారణంతో, గడప ఫొటోకు పసుపు రాయమని బతిమాలుకున్నారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఎవరి డబ్బు వారిది, ఎవరి ఆవు వారిది. నాకు తెలిసిన మరొక ఇంట్లో జరిగినది చెప్పాలంటే మాత్రం నవ్వు రావడం లేదు. బాల్కనీ తలుపు పక్కన ఇనుప స్టాండు మీద ఒక మొక్క పెట్టారు. దానికి రోజూ నీళ్ళు పొయ్యమని పనిమనిషికి చెప్పారు. కొన్నాళ్ళకు స్టాండు జరిపి చూస్తే, దాని పాదం ఆనిన చోట అరచేతి వెడల్పున నీలినలుపు ఉంగరం ఒకటి చెక్కలోకి దిగి కనిపించింది. ఆమెను పిలిచారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చొని, ముందు గుడ్డతో, తరువాత చీర కొంగుతో, చివరికి గోటితో రుద్దింది. మరక పోలేదు. ‘నువ్వే కదా నీళ్ళు పోసింది’ అన్నారు. ‘మీరు పొయ్యమంటేనే పోశానమ్మా’ అన్నది. ఆ జవాబు పొగరుగా వినిపించిందట. నెల జీతంలో కోత పడింది.

ఓక్ చెక్కలో టానిన్ పుష్కలంగా ఉంటుంది. దానికి ఇనుమూ నీరూ తోడైతే నలుపు తేలడం ఖాయం. పాలిషు తీసి ఆక్సాలిక్ ఆమ్లంతో శుభ్రం చేస్తే ఆ నలుపు చాలావరకు పోతుంది కూడా. ఇది రసాయనశాస్త్రం. చెక్క కొన్నది ఎవరు? ఇనుప స్టాండు కొని దాని మీద పెట్టినది ఎవరు? ఈ రెండూ కలవకూడదని చెప్పకుండా సరుకు అంటగట్టినది ఎవరు? ఈ ముగ్గురినీ వదిలేసి, చెప్పిన పని చెప్పినట్టు చేసిన మనిషి కడుపు మీద కొట్టడానికి సిగ్గుండాలి. ఒక ఇంట్లో ఊడ్చి తుడిచినందుకు నెలంతటికీ ఆమెకు ముట్టే డబ్బు ఆ చెక్కలో నాలుగైదు చదరపు అడుగులకు సరిపోతే గొప్ప. ఆ చెక్కకు పాతికేళ్ళ వారంటీ కాగితం ఉన్నది, ఆరబెట్టాక మిగిలిన తేమ ఎంతో రాసిన ధ్రువపత్రం ఉన్నది, బాధ్యతగా చూసుకునే అడవిలో పుట్టిందని చెప్పే ముద్ర ఉన్నది. ఆమెకు పని ఇచ్చినట్టు చీటీ ముక్క కూడా లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివారి కోసం 189వ ఒడంబడిక చేస్తే, మన దేశం దానిని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. రోజుకు రెండుపూటలా ఆ నేల మీద నడిచే పాదాలు ఆమెవి. ఇలాంటి ఇళ్ళ గుమ్మంలో సాక్సులు ఇవ్వనిదీ ఆమెకొక్కతెకే, వట్టి కాళ్ళు తుడుచుకొని రమ్మంటారు.

ఇంత చెప్పినా ఓక్ వేయించుకోక తప్పదనుకునేవారు కొన్ని సంగతులు నిలదీసి అడగాలి. పై పొర నిజంగా ఎన్ని మిల్లీమీటర్లు? అది 3 అయితే మళ్ళీ నునుపు పట్టించడం ఒకటి రెండుసార్లకు మించి సాధ్యం కాదు. కింద సిమెంటు పూర్తిగా ఆరిందని మీటరు పెట్టి కొలిచారా, లేక తాళాలు ఇచ్చే తేదీ దగ్గరపడిందని జిగురు పూసేశారా? పలకల పెట్టెలను పరచడానికి ముందు కొన్ని రోజులు అదే గదిలో ఉంచారా? గోడల వెంట చెక్క కదలడానికి 10 నుంచి 15 మిల్లీమీటర్ల సందు వదిలారా? వీటన్నిటికీ సరైన జవాబులు వచ్చిన తరువాత, బిల్లు మీద సంతకం పెట్టిన చేతికే మాప్ కూడా అందించి, సోఫా కింద, మంచం కింద, మొక్కల స్టాండు వెనక, నీటిచుక్క మిగలకుండా ఏడాదిపాటు తుడిచి చూపించమనాలి. అంత ఓపిక లేనివారికి తాండూరు బండ ఇంకా దొరుకుతూనే ఉన్నది.