నాన్నగారి లెన్సుతో నా అవస్థ

నాన్నగారి పాత ఫిల్మ్ కెమెరాకు ఉన్న 50 మి.మీ. లెన్సును అడాప్టరుతో కొత్త మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించిన నాటి నుంచి నాకు మనశ్శాంతి కరువైంది. అసలు లెన్సే లేదని కెమెరా మొండికేయగా, లెన్సు లేకున్నా షట్టరు నొక్కనిచ్చే అమరికను మెనూలో వెతికి పట్టుకోవడానికే ఒక పూట పోయింది. తిరుపతిలో గోవిందరాజస్వామి గోపురం ఎదుట నిలబడి, ఎపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) రింగును ఎఫ్ 2 దాకా, అంటే బాగా వెడల్పుగా తెరిచి ఫోకస్ చేసుకుని, మళ్లీ టకటకమని లెక్కపెట్టుకుంటూ 8 దగ్గరకు మూసేలోగా, పూలమ్మే అవ్వ కాస్తా తల తిప్పేసుకుంటుంది. తొందరలో మూయడం మరిచిపోతే అవ్వ ఒక్కతే స్పష్టంగా వచ్చి, వెనుక గోపురం మసకలో కలిసిపోతుంది. (అవే బాగున్నాయని మా ఆవిడ అంటుంది, అది వేరే బాధ.) తీరా ఇంటికి వచ్చి చూస్తే, ఏ ఫొటోను ఏ ఎపర్చరుతో తీశానో కెమెరా ఎక్కడా నమోదు చేసి ఉండదు.