డబ్బా చూపించమంటే అంత కోపమెందుకు?

ఇప్పుడే హన్మకొండ చౌరస్తా నుంచి వచ్చాను. ఒళ్లంతా ఇంకా మండుతోంది.

మా చిన్నోడికి ఆస్తమా. సల్ఫైట్లు, అంటే సరుకు రంగు మారకుండా, పాడవకుండా పట్టించే గంధకపు మందులు, వాడికి పడవు. తింటే పావుగంటలో దగ్గు, ఆ తర్వాత పిల్లికూతలు. రేపు వాడి పుట్టినరోజు, ఖుబానీ (ఎండు ఆప్రికాట్) మీఠా కావాలన్నాడు. డ్రై ఫ్రూట్స్ షాపుకి వెళ్తే నారింజ రంగులో నిగనిగలాడే ఖుబానీ చూపించారు. ఆ రంగు చూడగానే నాకు టెన్షన్. గంధకం పట్టించకుండా ఎండబెడితే ఖుబానీ గోధుమ రంగుకి తిరుగుతుంది. పసుపు కిస్మిస్‌ది కూడా మామూలుగా ఇదే కథ. అందుకే అడిగాను, "అన్నా, ఇవి వచ్చిన డబ్బా ఒకసారి చూపిస్తవా?" అని.

"డబ్బా ఎప్పుడో పడేసినం అక్కా. ఎండిన పండ్లల్ల ఏముంటది? ఊకె పరేషాన్ చేస్తరు" అని పక్క గిరాకీ వైపు తిరిగిపోయాడు.

ఏముంటుందో ఆ డబ్బా మీదే ఉంటుంది! సల్ఫర్ డయాక్సైడ్ అనో, దాని కోడ్ నంబర్ ఐఎన్ఎస్ 220 అనో రాయాలి. కిలోకి 10 మిల్లీగ్రాములు, ఆపైన సల్ఫైట్ ఉంటే లేబుల్ మీద చెప్పాలని మన దేశంలోనే 2020 నాటి రూల్సు ఉన్నాయి. అమెరికాలో ఆ మాట రాయలేదన్న ఒక్క కారణంతో ఎండు ఖుబానీ, కిస్మిస్ ప్యాకెట్లను ఎన్నోసార్లు మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించారు. సరుకు వెనక్కి తెప్పించే రూల్సు మనకూ 2017 నుంచి ఉన్నాయి. కానీ డబ్బా పడేసి, పండ్లు కవర్లో పోసి, తూకం స్టిక్కర్ అంటించాక ఎవరు ఏం వెనక్కి పిలుస్తారు? కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు. రేపు పేపర్లో ప్రకటన వచ్చినా అది నా కవర్ గురించేనని నాకెట్లా తెలుస్తుంది? పైగా పల్లీలు, జీడిపప్పు, కిస్మిస్ అన్నిటికీ అదే గరిటె. పల్లీలు పడని పిల్లల తల్లులు ఏం కావాలి?

మెడికల్ షాపులోనూ ఇదే. మా మామయ్యకి బీపీ గోలీలు స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చారు. తారీఖు ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోయింది. అడిగితే "ఎన్నేండ్ల సంది ఇస్తున్నం" అన్నారు. ఎన్నేళ్ల నుంచి ఇస్తే మాత్రం తారీఖు మారుతుందా?

షాపులవాళ్లను అంటున్నాను గానీ, నన్ను ఎక్కువ ఏడిపించింది ఇంట్లోవాళ్లే. పోయిన ఏడాది దావత్‌లో, నేను వద్దని రెండుసార్లు చెప్పినా, మా ఆడపడుచు వాడి చేతిలో పిడికెడు పసుపు కిస్మిస్ పెట్టింది. "ఇన్ని పథ్యాలు పెడితే పిల్లగాడు నాజూకైతడు వదినా. మా కాలంల గివన్నీ ఉన్నయా?" అంది. ఆ రాత్రి కాజీపేట నుంచి ఇంటిదాకా ఆటోలో వాడు నా ఒళ్లో కూర్చుని ఊపిరి కోసం భుజాలెగరేస్తుంటే, ఇన్‌హేలర్ పట్టుకున్న నా చేయి వణికింది. ఇప్పటికీ ఆమె "పాపం" అని ఒక్క మాట అనలేదు. రేపటి పుట్టినరోజుకి కూడా వస్తోంది.

ఖుబానీ కొనలేదు. సేమ్యా పాయసం చేస్తాను, కిస్మిస్ లేకుండా. సోమవారం ఆ షాపుకి మళ్లీ పోతున్నాను. కొత్త డబ్బా విప్పేదాకా అక్కడే నిలబడి, లేబుల్ ఫోటో తీసుకునే వస్తాను.